లెక్కలు అక్కర్లేదని చెప్పినవాణ్ణి

మా లైబ్రరీలో కంప్యూటర్ గది ఒకటుంది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక రెక్క వంగిపోయి తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను, వీటన్నిటికీ కాపలాగా నేను. పదహారేళ్లయింది. నా చదువు తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆగింది కూడా లెక్కల వల్లే. మా లెక్కల మాస్టారు నన్ను వారం రోజులు వరసగా బెంచీ ఎక్కించాడు. ఎనిమిదో రోజు నేను బడికి పోకుండా టీవీలు బాగుచేసే కొట్టుకు పోయాను. అక్కడి నుంచి కంప్యూటర్లు బిగించే కొట్టుకు, అక్కడి నుంచి ఇక్కడికి. కాలిన పార్టు ఏదో వాసన చూసి చెప్పేస్తాను. గొప్ప కోసం అనడం లేదు, ఇన్నేళ్లు వాటి మధ్యే బతికాక ముక్కుకు అలవాటైపోయింది.

ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా పిల్లలు వస్తారు. పదమూడేళ్ల వాళ్ల నుంచి పదిహేడేళ్ల వాళ్ల దాకా ఉంటారు. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో చెప్పమంటారు. నాకు పుస్తకాల భాష రాదు కాబట్టి వచ్చిన భాషలోనే చెబుతాను.

“ప్రోగ్రామ్ రాయడం అంటే ఏం లేదర్రా, ఒక మొండివాడికి పని పురమాయించడం. వాడికి తెలివి లేదు, విసుగూ లేదు. తలుపు వెయ్యమంటే వేస్తాడు. ముందు లోపలికి రావాలని నువ్వు చెప్పలేదనుకో, బయటే నిలబడి వేస్తాడు.”

పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్విన తర్వాత ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న.

“అంకుల్, దీనికి లెక్కలు ఎంత రావాలి?”

“కూడికలొస్తే చాలు. తీసివేతలు కూడా వచ్చాయంటే నువ్వు మేనేజరువే!”

మళ్లీ నవ్వులు. ఒక ఆదివారం ఇదే మాట అంటుంటే, గాజు తలుపు అవతల పేపర్లు చదివే బల్ల దగ్గరి నుంచి టీచరమ్మ తలెత్తింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. రోజూ వచ్చి అన్ని పేపర్లూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది.

“ఏమయ్యా, పిల్లలకి ఆ మాట చెప్పకు.”

“టీచరమ్మా, బళ్లో భయపెట్టింది చాలదా, ఇక్కడ కూడా భయపెడతారా?” అన్నాను.

పిల్లలు ఇంకా గట్టిగా నవ్వారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, “సరే, నీ ఇష్టం,” అని పేపరు తిప్పింది. ఆ రోజు నేనే గెలిచాననుకున్నాను.

ఇప్పుడు మా మేనకోడలి సంగతి చెప్పాలి. నా చెల్లెలి కూతురు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతిదానికీ ‘ఎందుకు’ అంటుంది. అన్నం ఎందుకు తినాలి, చెప్పులు రెండు ఎందుకు, మావయ్యకు బట్టతల ఎందుకు. మేమందరం దానికి ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టేశాం. వాళ్ల నాన్న, అంటే మా బావ, సిటీ బస్సు డ్రైవరు. వాళ్లమ్మ ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. ఆ ఇంట్లో కంప్యూటర్ గురించి ఏ మాట వచ్చినా, “మావయ్యని అడుగు,” అంటారు. నేను చెప్పిందానికి ఇక తిరుగులేదు.

ఎందుకమ్మ పదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు నేను కార్డుల ఆట ఆడిస్తున్నాను. వెనకటికి లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడుందో రాసిపెట్టే కార్డులుండేవి. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక కార్డులు బీరువా నిండా మిగిలిపోయాయి. ముప్ఫై కార్డుల వెనక అంకెలు రాసి, చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసగా పెట్టి, బోర్లించాను. “ఇందులో నాలుగొందల పన్నెండు ఎక్కడుందో పట్టుకోండి. ఎవరు తక్కువ కార్డులు తిప్పితే వాళ్లు గెలిచినట్టు,” అన్నాను.

పిల్లలు ఈ చివరి నుంచి ఒక్కోటీ తిప్పుకుంటూ పోయారు. ఒకడికి పంతొమ్మిది కార్డులు పట్టాయి. ఒకమ్మాయి ఆ చివరి నుంచి మొదలుపెట్టి పన్నెండో కార్డులో పట్టుకుంది. ఎందుకమ్మ వంతు వచ్చాక అది కాసేపు ఊరికే నిలబడి, వెళ్లి సరిగ్గా నడిమి కార్డు తిప్పింది. అంకె చూసి, ఎడమ సగం మొత్తం చేత్తో పక్కకు నెట్టేసింది.

“అదేంటే, ఆటంతా చెడగొట్టావు!”

“ఇందులో లేదుగా మావయ్యా. ఇక వాటితో పనేముంది?”

మిగిలిన సగంలో మళ్లీ నడిమిది తిప్పింది. మళ్లీ సగం పక్కకు నెట్టింది. ఐదో కార్డు తిప్పేసరికి నాలుగొందల పన్నెండు దాని చేతిలో ఉంది.

“వెయ్యి కార్డులుంటేనో?” అన్నాను, సరదాకి.

పెదాలు కదిలిస్తూ లోపల ఏదో అనుకుంది. “పది.”

నేను కాగితం తీసుకుని సగం, సగం, సగం చేసుకుంటూ పోయాను. పదే వచ్చింది.

“పది లక్షలుంటే?”

“ఇరవై.” ఈసారి పెదాలు కూడా కదల్లేదు.

“లెక్క వెయ్యకుండానే?”

“ఇంకా వెయ్యడమెందుకు? పది లక్షలంటే వెయ్యి వేలేగా. ఏ వెయ్యిలో ఉందో పట్టుకోవడానికి పది, ఆ వెయ్యిలో ఎక్కడుందో పట్టుకోవడానికి పది.”

గాజు తలుపు అవతల టీచరమ్మ పేపరు దించి చూడటం నాకు కనిపించింది. నేను మాత్రం పిల్లలవైపు తిరిగి, “చూశారా, ఇదీ తెలివంటే! లెక్కా లేదు, పత్రమూ లేదు!” అన్నాను. అప్పుడు నేనన్న మాట అది. తల్చుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రెండు నెలలకు పదో తరగతి మార్కులు వచ్చాయి. ఎందుకమ్మకి అన్నిట్లో ఎనభైకి పైనే. లెక్కల్లో ముప్ఫై ఎనిమిది. పరీక్ష రోజు దానికి కడుపులో నొప్పి వస్తుంది, ఎప్పుడూ అంతే. కాగితం ముందు పెడితే వేళ్లు చల్లబడిపోతాయట. మార్కుల కాగితం పట్టుకుని ఇంటికి పోకుండా నా గదికొచ్చి, ప్రింటరు వెనకాల కింద కూర్చుంది.

“మావయ్యా, సోమవారం గ్రూపు రాసివ్వాలి. లెక్కలున్నది ఒకటి, లెక్కల్లేనిది ఒకటి. నాకు కంప్యూటర్ సైన్సే చదవాలనుంది. నిజం చెప్పు, దానికి లెక్కలు కావాలా?”

అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే, ‘నాకు తెలియదు తల్లీ, కనుక్కుందాం’ అని. అది అనలేదు.

“నన్ను చూడు. ఇరవై ఆరేళ్ల నుంచి కంప్యూటర్లతోనే నా బతుకు. ఏనాడైనా నేను లెక్క చెయ్యడం చూశావా?”

“లేదు.”

“మరింకేం! హాయిగా లెక్కల్లేనిది తీసుకో.”

“ఎందుకు అక్కర్లేదు, చెప్పు.” ఎందుకమ్మ కదా, ఊరికే ఒప్పుకోదు.

దానికీ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “మీ నాన్న బస్సు నడుపుతాడు. ఇంజినుకి ఇనుము ఎలా పోత పోస్తారో మీ నాన్నకి తెలుసా?”

అది నవ్వింది. కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, “అవునుగా,” అంది. చూశారూ, ఆ నవ్వు కోసమే అన్నాను. కాదు, అది సగమే. మిగతా సగం కూడా చెప్పాలి. బెంచీ ఎక్కించిన మాస్టారి మీద నాకింకా కోపం ఉంది. లెక్కలు లేకుండానే మనిషి పైకి రాగలడని చెప్పినప్పుడల్లా ఆయన్ని ఒక మెట్టు కిందికి దించినట్టు నాకు హాయిగా ఉండేది. దాని బతుకు అడ్డం పెట్టి నేను నా పాత పంతం తీర్చుకున్నాను. ఆ సంగతి అప్పుడు నాకే తెలియలేదు.

సోమవారం అది లెక్కల్లేని గ్రూపు రాసిచ్చింది. వాళ్ల బళ్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ముప్ఫై ఎనిమిది చూసి, మంచి పని చేశావన్నారట.

రెండేళ్లు గడిచాయి. కడుపునొప్పి పోయింది. పిల్ల ఒళ్లు చేసింది, నవ్వేది, ఆదివారాలు వచ్చి చిన్న పిల్లలకి నాకంటే బాగా చెప్పేది. పన్నెండో తరగతిలో నూటికి తొంభై ఒకటి వచ్చాయి. మా చెల్లెలు దానికి ముదురాకుపచ్చ రంగులో కొత్త డ్రెస్సు కుట్టింది. కాలేజీలో చేరే రోజు బావకి సెలవు దొరకలేదు. “బావా, నువ్వెళ్లు. అక్కడ మాట్లాడటానికి నువ్వే కరెక్టు,” అన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

కంప్యూటర్ సైన్సుకి నాలుగో కిటికీ. ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. వరసలో దాని స్నేహితురాలు కనబడింది. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇద్దరూ చేతులు పట్టుకుని గెంతారు. ఆ పిల్లకి సీటు రాసేసి పంపారు. తర్వాత మేం.

కిటికీ అవతల ఒకావిడ మార్కుల కాగితం తీసుకుని వేలితో పైనుంచి కిందికి వచ్చింది. మళ్లీ పైకి వెళ్లింది. వెనక్కి తిప్పి చూసింది.

“లెక్కలేవి?”

“లెక్కల్లేని గ్రూపండీ,” అన్నాను నేను, నవ్వుతూ. “తొంభై ఒక శాతం!”

“మార్కులు బాగున్నాయండీ. కానీ దీనికి లెక్కలు చదివుండాలి. లేకపోతే అసలు తీసుకోం.”

“అదేంటి మేడం, కంప్యూటర్ కోర్సుకి లెక్కలెందుకు?”

ఆవిడ నావైపు వింతగా చూసింది. కోపం కాదు. నేను పరాచికాలాడుతున్నానేమో అని చూసింది. “మొదటి ఆరు నెలల్లోనే రెండు పేపర్లు లెక్కలవండీ. నాలుగేళ్లూ ఉంటాయి. లెక్కలు లేకుండా ఇందులో మిగిలేదేముంది?”

“మేడం, నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ ఫీల్డులోనే ఉన్నాను. నాకెప్పుడూ...”

“మీరేం చదివారు?”

వెనక వరసంతా వింటోంది. అబద్ధం చెబుదామనుకున్నాను కానీ నోరు రాలేదు.

“తొమ్మిది.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఎందుకమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లిగా లాగింది. “పద మావయ్యా.”

ఆవిడ మంచి మనిషి. వరస ఆపి మరీ, కాలేజీ వివరాల పుస్తకం తీసి, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి చేతికిచ్చింది. “అమ్మా, లెక్కలొక్కటే విడిగా బయట నుంచి రాయొచ్చు. రెండేళ్ల పాఠం ఒక్క ఏడాదిలో చదవాలి. పాసైతే వచ్చే ఏడు రా. లేదంటే ఈ ఏడాదే ఆఫీసు పనుల కోర్సు ఉంది, ఆరో కిటికీ. దానికి నీ మార్కులు ఎక్కువే. పదిహేను రోజులు టైముంది.”

బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంది. దాని చేతిలో ఆ పుస్తకం పెన్సిలు గీత ఉన్న పేజీ దగ్గరే తెరిచి ఉంది. దిగే దాకా మూయలేదు.

ఇంటికెళ్లి నేనే చెప్పాను. మా చెల్లెలు మిషన్ ఆపి విన్నది. లేచి వెళ్లి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి పెట్టి, మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. కుట్టలేదు, ఊరికే కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టడానికి సాయంత్రం బావ వచ్చాడు. ఆయనా కేకలు వెయ్యలేదు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“బావా, ఒక్క మాట అడుగుతాను. రోజుకి వెయ్యి మంది నా బస్సెక్కుతారు. ఈ బస్సు ఫలానా చోటికి వెళ్తుందా అని అడుగుతారు. నాకు తెలిస్తే తెలుసంటాను, తెలియకపోతే తెలియదంటాను. పక్క డ్రైవర్ని అడగమంటాను. ఆ ఒక్క ముక్క నీ నోటి నుంచి ఎందుకు రాలేదు?”

నేను మేకుకి వేలాడే ఆయన చొక్కావైపు చూశాను.

“రెండేళ్లు, బావా. నా కూతురు రెండేళ్లు తప్పు బస్సులో కూర్చుంది.”

“నాన్నా, ఇక చాలు,” అంది లోపలి నుంచి ఎందుకమ్మ.

నేను లోపలికెళ్లాను. మంచం మీద గోడకానుకుని కూర్చుంది. కొత్త డ్రెస్సు ఇంకా విప్పలేదు. పక్కన కూర్చుని, “తల్లీ, ఒక్క ఏడాదే. రాసేద్దాం. నీకు లెక్కలొస్తాయే. నేను చెబుతున్నాగా, నువ్వు చెయ్యగలవు,” అన్నాను.

అది నావైపు తిరిగింది. కోపంగా ఏమీ లేదు. చిన్నప్పుడు చెప్పులు రెండు ఎందుకని అడిగినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

“ఇప్పుడు చెప్పేది నిజమని నాకెలా తెలుస్తుంది మావయ్యా?”

నన్ను గుచ్చడానికి అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. లేచి బయటికొచ్చేటప్పుడు మా చెల్లెలు, “అన్నయ్యా, చెప్పులు,” అంది. వట్టి కాళ్లతోనే వీధిలోకి వచ్చేశానట.

మర్నాడు లైబ్రరీ తలుపులు తీయగానే టీచరమ్మ ముందు నిలబడ్డాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టింది.

“ఆ పిల్లేనా? కార్డులు తిప్పిన పిల్ల?”

“ఆ పిల్లే.”

“వెయ్యికి పది, వెయ్యి వేలకి ఇరవై అంది చూడు, అదేంటనుకున్నావు?”

“తెలివి.”

“లెక్కలయ్యా! అదే లెక్కలు! పదకొండో తరగతి పుస్తకంలో దానికో పెద్ద పేరు, పాతిక పేజీల పాఠం. ఎవరూ చెప్పకుండా, నిలబడి నిలబడి, మీ పిల్ల నోటికి వచ్చేసింది. ముప్ఫై నాలుగేళ్లు పాఠం చెప్పాను, అంత తేలిగ్గా చెప్పినవాళ్లు నాకు ముగ్గురో నలుగురో తగిలారు. ఆ పిల్లకి లెక్కలు రావని ఎవడు చెప్పాడు?”

నేను తలొంచుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించి అంది: “నీ ఒక్కడిదే కాదులే తప్పు. ఆ రోజు నేను లేచి వచ్చి చెప్పాల్సింది. నువ్వన్న మాటకి మనసు చివుక్కుమని కూర్చుండిపోయాను. ముసలి ముండకి రోషమొకటి.” కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “పిల్లని తీసుకురా.”

ఎందుకమ్మ రానంది. వాళ్లమ్మ బతిమాలితే, వాళ్లమ్మ కోసం వచ్చింది. నేను నా గదిలోకి పోయి తలుపు మూసుకున్నాను. గాజులోంచి చూస్తే ఇద్దరూ బల్ల దగ్గర తలలు దగ్గరగా పెట్టుకుని ఉన్నారు. టీచరమ్మ ఏదో రాసి కాగితం దాని వైపు జరిపింది. ఎందుకమ్మ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని రుద్దుకుంటోంది, చల్లబడ్డాయి కాబోలు. పది నిమిషాలు అలాగే ఉంది. తర్వాత పెన్ను తీసుకుంది. ఇంకో కాగితం. ఇంకోటి. గంటన్నర అయ్యాక లేచి, టీచరమ్మకి థ్యాంక్స్ చెప్పి, మెట్లవైపు వెళ్లింది.

నేను వెనకాల పరిగెత్తాను. మెట్ల మలుపు దగ్గర కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది.

“ఏమైంది తల్లీ? రాలేదా? పోనీలే, పర్లేదు...”

“వచ్చాయి మావయ్యా,” అంది. “అన్నీ వచ్చాయి. ఒక్కటే తప్పు పోయింది, అదీ తొందరలో.”

“మరి ఏడుస్తావెందుకే?”

“రావనుకున్నప్పుడే నయంగా ఉంది. రావు కాబట్టి వదిలేశాననుకున్నాను. ఇప్పుడు...”

ఎవరో పైనుంచి దిగుతుంటే ఇద్దరం గోడవైపు జరిగాం. వాళ్లు వెళ్లిపోయాక ముఖం తుడుచుకుంది. “ఏడాది చదువుతాను. నాన్నకి నేనే చెబుతాను. టీచరమ్మ రోజూ నాలుగింటికి రమ్మంది.”

“నేనూ కూర్చుంటానే పక్కన. పుస్తకాలవీ తెచ్చిపెడతాను. నాకూ నాలుగు ముక్కలు...”

“నువ్వు వద్దు మావయ్యా.”

చాలా మెల్లిగా అంది. నా చెయ్యి పట్టుకుని మరీ అంది.

“నాకు రాకపోతే నువ్వు చూడలేవు. వెంటనే పర్లేదంటావు. ఇందాక కూడా అన్నావు. నువ్వు అలా అంటే నాకు హాయిగా ఉంటుంది, నేను ఆగిపోతాను. ఈ ఏడాది నాకు పర్లేదనేవాళ్లు వద్దు.”

నేను సరేనన్నాను. అంతకంటే ఏమంటాను?

ఏడాదంటే కాగితం మీద మూడక్షరాలు. ఆ పిల్లకి అదెంత ఉంటుందో మా బావ చెబితే తెలిసింది. కాలేజీ ఆయన బస్సు వెళ్లే దారిలోనే ఉంది. పొద్దున ఎనిమిదిన్నర ట్రిప్పులో దాని క్లాసు పిల్లలందరూ ఆయన బస్సే ఎక్కుతారు. దాని బెంచీలో కూర్చున్న ఆ స్నేహితురాలు రోజూ ముందు తలుపులోంచి ఎక్కి, “అంకుల్, తను ఎలా చదువుతోంది?” అని అడుగుతుందట. “బాగానే చదువుతోందమ్మా అని గేరు మారుస్తాను,” అన్నాడు బావ. “ఇంటికెళ్లి వాళ్లు అడిగారని చెప్పను. ఆ పిల్లలు చేతిలో పట్టుకెళ్లే పుస్తకాల సంగతి కూడా చెప్పను.” ఇప్పుడు బావ నాతో మామూలుగానే మాట్లాడతాడు. కానీ ఏదైనా అడగాల్సి వస్తే మాత్రం నన్ను అడగడు. మొన్న ఫోను పాడైతే బజార్లో ఎవడికో ఇచ్చి బాగుచేయించుకున్నాడు.

ఆదివారాలు మానలేదు. మానేద్దామనుకుంటే టీచరమ్మ ఒప్పుకోలేదు. చెప్పినవాడివే చెప్పు, ఈసారి సరిగ్గా చెప్పు, అంది. ఆ ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. ఎప్పటిలాగే ఒకమ్మాయి చెయ్యెత్తి ఆ ప్రశ్నే వేసింది.

“చాలానే కావాలమ్మా,” అన్నాను. “నాలాగా మిషన్లు బాగుచెయ్యడానికి అక్కర్లేదు. కానీ కంప్యూటర్ సైన్సు చదవాలంటే కావాలి. కాలేజీవాళ్లు గుమ్మం దగ్గరే అడుగుతారు, లోపలికెళ్లాక ఇంకా అడుగుతారు. నాకు పూర్తిగా తెలియదు. తెలిసినావిడ అదిగో, ఆ బల్ల దగ్గర ఉంది. వెళ్లి అడుగు. ఇంకో సంగతి, మార్కులు తక్కువొచ్చినంత మాత్రాన లెక్కలు రావని కాదు. అది కూడా నా మాట మీద నమ్మకు, ఆవిణ్ణే అడుగు.”

ఎవరూ నవ్వలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఒకడు, “అయితే మనవల్ల కాదురా,” అని పక్కవాడితో గొణిగాడు. తర్వాతి ఆదివారానికి తొమ్మిది మందే వచ్చారు. ప్రశ్న వేసిన అమ్మాయి వాళ్లలో లేదు. ఆమె టీచరమ్మ దగ్గరికీ వెళ్లలేదు. వెనకటి అబద్ధంతో ఎంతమందిని పోగొట్టానో, ఇప్పటి నిజంతో ఎంతమందిని పోగొడుతున్నానో నాకు లెక్క తెలియదు.

ఇప్పుడు ఎందుకమ్మ పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. రోజూ నాలుగింటికి వస్తుంది. గాజు తలుపు దగ్గర ఆగి, “మావయ్యా, తిన్నావా?” అంటుంది. “తిన్నాను తల్లీ,” అంటాను. అంతే. నేను చదువు సంగతి ఎత్తను. అదీ ఎత్తదు. చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా వచ్చింది. కడుపునొప్పి మళ్లీ మొదలైందని మా చెల్లెలు చెప్పింది.

నిన్న సాయంత్రం ఐదింటప్పుడు నేను ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను. తలెత్తి చూస్తే గాజు అవతల ఎందుకమ్మ పెన్ను బల్ల మీద పడేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. టీచరమ్మ పక్కనే కూర్చుని ఉంది, ఏమీ అనడం లేదు, వీపు మీద చెయ్యి కూడా వెయ్యడం లేదు.

నేను చేతిలో పని వదిలేసి గ్లాసులో నీళ్లు పట్టుకుని తలుపు దాకా వెళ్లాను. తలుపు పిడి మీద చెయ్యి వేశాను. టీచరమ్మ నన్ను చూసి, అరచెయ్యి బల్ల మీద నుంచి కొంచెం పైకెత్తింది. వద్దని.

ఆగాను. నాలుక చివర ఏ మాట ఉందో మీకూ తెలుసు. దాన్ని మింగడానికి చాలాసేపు పట్టింది. అవతల ఆ పిల్ల ముఖం తుడుచుకుని, పెన్ను కోసం వెతికి, బల్ల కింద పడితే వంగి తీసుకుని, కొట్టేసిన లెక్క కింద మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

నేను వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని, ఆ నీళ్లు నేనే తాగాను.